రెటీనా అతుక్కున్నాక చూపు ఎంత వస్తుంది?

కంటి లోపలి గోడను అంటిపెట్టుకుని, దాదాపు పావు మిల్లీమీటరు మందంతో ఉండే రెటీనా అనే పలుచని పొర వెలుతురును గ్రహించి, నాడీ సంకేతాలుగా మార్చి మెదడుకు పంపుతుంది. శరీరంలో ప్రాణవాయువును అత్యధికంగా వాడుకునే కణజాలాల్లో ఒకటైన ఈ పొరకు రక్తం రెండు మార్గాల్లో అందుతుంది. లోపలి వైపున్న మూడింట రెండు వంతుల మందాన్ని దృష్టినాడి గుండా కంటిలోకి వచ్చే ధమని పోషిస్తుంది. వెలుతురును పట్టుకునే కణాలున్న వెలుపలి భాగానికి మాత్రం సొంత రక్తనాళాలు లేవు కనుక, అది తన వెనుక రక్తనాళాలతో దట్టంగా నిండి ఉన్న కోరాయిడ్ అనే పొర మీద ఆధారపడుతుంది. కంటికి చేరే రక్తంలో అధిక భాగం ప్రవహించేది ఈ కోరాయిడ్‌లోనే.

కంటిగుడ్డును నింపి ఉండే విట్రియస్ అనే జెల్లీ వయసుతో పాటు పలచబడి, కుంచించుకుంటూ రెటీనాను లాగినప్పుడు కొందరిలో ఆ పొరకు చిరుగు పడుతుంది. ఆ చిరుగులోంచి ద్రవం వెనక్కి చేరి రెటీనాను గోడ నుంచి వేరు చేయడాన్నే రెటీనా ఊడిపోవడం అంటారు. హ్రస్వదృష్టి ఎక్కువగా ఉన్నవారిలో, కంటికి బలమైన దెబ్బ తగిలినవారిలో, శుక్లం ఆపరేషన్ అయినవారిలో ఈ ముప్పు అధికం. ఊడిన భాగానికి కోరాయిడ్ నుంచి అందే పోషణ తగ్గిపోవడంతో అక్కడి కణాలు గంటల్లోనే దెబ్బతినడం మొదలై, రోజులు గడిచే కొద్దీ నశిస్తాయి. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి అవసరమైన రెటీనా మధ్యభాగాన్ని మాక్యులా అంటారు. దాని నడిమధ్యలో సూక్ష్మ రక్తనాళాలు అసలే ఉండవు కాబట్టి, శస్త్రచికిత్స నాటికి మాక్యులా ఊడిందా, ఊడి ఎన్నాళ్ళయింది అన్న రెండు విషయాలే చూపు భవితవ్యాన్ని ప్రధానంగా నిర్ణయిస్తాయి.

ఒకప్పుడు ఈ జబ్బు దాదాపుగా అంధత్వానికే దారితీసేది. చిరుగును మూసివేస్తే రెటీనా తిరిగి అతుక్కుంటుందని స్విట్జర్లాండ్ వైద్యుడు జూల్ గొనాన్ 1920లలో నిరూపించాక ఆ పరిస్థితి మారింది. నేటి పద్ధతులన్నిటికీ ఆ సూత్రమే పునాది. వాటిలో పాతదైన స్క్లీరల్ బకిల్ పద్ధతిలో కంటి తెల్లని గోడకు వెలుపల సిలికాన్ ముక్కను కుట్టి, గోడను లోపలికి నొక్కి, చిరుగు దగ్గరకు దానిని చేరుస్తారు. అవసరమైతే కంటిగుడ్డు చుట్టూ మొలతాడులా ఒక పట్టీ కూడా కడతారు. ఈ పట్టీ బిగువుగా ఉంటే కోరాయిడ్ నుంచి రక్తాన్ని బయటకు తీసుకుపోయే సిరలపై ఒత్తిడి పడి, కంటిలో రక్తప్రవాహం మందగిస్తుందని, పట్టీని కత్తిరిస్తే అది మెరుగుపడుతుందని కొలతల్లో తేలింది. అయితే ఈ తగ్గుదలను చాలా కళ్ళు తట్టుకుంటాయి. పట్టీ వల్ల కంటిగుడ్డు కాస్త పొడవు సాగి హ్రస్వదృష్టి పెరగడం సాధారణమే కనుక, కొత్త అద్దాలు అవసరమవుతాయి.

అమెరికాలో రాబర్ట్ మాకెమర్ 1970 ప్రాంతంలో రూపొందించిన విట్రెక్టమీలో విట్రియస్‌ను తొలగించి, చిరుగు చుట్టూ లేజర్‌తో గాని అతిశీతలంతో గాని మచ్చ కట్టేలా చేసి, రెటీనాను అదిమి పట్టి ఉంచడానికి కంటిలో గ్యాస్ గాని సిలికాన్ ఆయిల్ గాని నింపుతారు. వాడిన రకాన్ని బట్టి గ్యాస్ రెండు వారాల నుంచి రెండు నెలల్లో దానంతట అదే కరిగిపోతుంది. ఆయిల్‌ను సాధారణంగా కొన్ని నెలల తర్వాత మరో ఆపరేషన్‌తో తీసివేస్తారు. గ్యాస్ ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. ఎత్తుకు పోయే కొద్దీ గ్యాస్ వ్యాకోచించి, కంటిలో ఒత్తిడి అమాంతం పెరిగి, రెటీనాకు రక్తం అందించే ధమని మూసుకుపోయే ప్రమాదం ఉంది. తిరుమల, అరకు వంటి కొండ ప్రాంతాలకు వెళ్ళాలన్నా ముందుగా వైద్యుణ్ణి అడగాలి. మరో ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే పక్షంలో కంటిలో గ్యాస్ ఉన్న సంగతి తప్పక చెప్పాలి. విట్రెక్టమీ తర్వాత శుక్లం త్వరగా ముదరడం కూడా మామూలే.

పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి మొదటి ఆపరేషన్‌తోనే రెటీనా అతుక్కుంటుంది. కాని పొర అతుక్కోవడం వేరు, చూపు పూర్తిగా రావడం వేరు. కోరాయిడ్‌తో సంబంధం పునరుద్ధరించబడ్డాక, బతికి ఉన్న కణాలు తమ కొసలను మళ్ళీ పెంచుకోవడానికి నెలలు పడుతుంది. చూపు ఏడాది వరకూ, కొందరిలో ఆ తర్వాత కూడా మెరుగుపడుతూ ఉంటుంది. నశించిన కణాలు మాత్రం తిరిగి పుట్టవు. అందువల్ల మాక్యులా ఊడినవారిలో గీతలు వంకరగా కనిపించడం, రంగులు వెలవెలబోవడం వంటి లోపాలు కొంత మేరకు మిగిలిపోవచ్చు.

కనుక ఈ జబ్బులో శస్త్రచికిత్స ఎంత ముఖ్యమో, అది జరిగే సమయమూ అంతే ముఖ్యం. కంటి ముందు అకస్మాత్తుగా మెరుపులు కనిపించినా, నల్లని చుక్కలు గుంపుగా తేలాడినా, చూపులో ఒక పక్క నుంచి తెర దిగుతున్నట్టు ఉన్నా, నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా, చుక్కల మందులతో రోజులు గడపకుండా, అదే రోజు రెటీనా వైద్యుణ్ణి సంప్రదించాలి.