పసుపు నీలంగా కనిపిస్తే

ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ ఒక్కదానిలో 20,73,600 చుక్కలుంటాయి. అడ్డంగా 1,920, నిలువుగా 1,080. సిరికొండ ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురికి పసుపు రాస్తుంటే కెమెరా ఇలాంటి ఫ్రేములు సెకనుకు 25 తీస్తుంది. ఆ బొమ్మ దుబాయ్‌లో ఉన్న మేనమామ ఫోనుకు చేరేలోపు కెమెరా, క్యాప్చర్ కార్డు, ల్యాప్‌టాప్‌లోని మిక్సింగ్ సాఫ్ట్‌వేర్, ఎన్‌కోడర్, యూట్యూబ్ సర్వర్ అంటూ అయిదు చేతులు మారాలి. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే నిజామాబాద్ జిల్లాలో లైవ్ ఇప్పుడు పెళ్లి ఖర్చుల్లో షామియానాతో పాటు రాసుకునే పద్దు. కానీ ఈ అయిదూ వేర్వేరు కంపెనీలు, వేర్వేరు కాలాల్లో తయారుచేసినవి. ఒకటి పంపింది ఇంకొకటి సరిగ్గా చదవాలంటే ముందే ఒక ఒప్పందం ఉండాలి.

లేకపోతే ఏమవుతుందో రంగుతోనే చూడొచ్చు. పసుపు ఛాయ ఒకటి తీసుకుందాం: ఎరుపు 255, ఆకుపచ్చ 193, నీలం 7. పంపినవాడు ఎరుపు ముందు రాసి, అందుకున్నవాడు నీలం ముందుంటుందని చదివితే ఎరుపు 7 అవుతుంది, నీలం 255 అవుతుంది. ఇంకేముంది, ముఖానికి ఆకాశనీలం పూసినట్టే! బైటు ఒక్కటీ పోలేదు, ఒక్కటీ చెడలేదు. వరస గురించి మాట్లాడుకోకపోవడమే లోపం.

మొదటి ఒప్పందం తీగ దగ్గరే జరుగుతుంది. హెచ్‌డీఎంఐ తగిలించగానే అవతలి పరికరం తాను ఏయే సైజులు, ఏయే వేగాలు తీసుకోగలదో రాసిపెట్టుకున్న చిట్టాను కెమెరా చదువుకుంటుంది. దాని పేరు ఈడీఐడీ. అందులో మొదటి భాగం 128 బైట్లు మాత్రమే.

అసలు లెక్క రెండో చోట, క్యాప్చర్ కార్డును ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ దగ్గర మొదలవుతుంది. వైయూవై2 అనే పద్ధతిలో చుక్కకు 2 బైట్లు, అంటే ఫ్రేముకు 41,47,200. సెకనుకు 25 ఫ్రేములంటే 10 కోట్ల 36 లక్షల బైట్లు దాటుతుంది. యూఎస్‌బీ 2.0 దారి వెడల్పు కాగితం మీద సెకనుకు 48 కోట్ల బిట్లు, అంటే 6 కోట్ల బైట్లే. పట్టదు. అందుకే చవక క్యాప్చర్ కార్డులు చాలావరకు ఫుల్ హెచ్‌డీకి రెండు దారులు చూపిస్తాయి: ప్రతి ఫ్రేమునూ జేపెగ్‌లా కుదించి సెకనుకు 30, లేదా కుదించకుండా సెకనుకు 5. సాఫ్ట్‌వేర్ రెండోది ఎంచుకుందో, పెళ్లి లైవ్ ఫొటోల ఆల్బమ్ అయిపోతుంది. జనం నెట్‌ను తిడతారు. పాపం, నెట్‌కు ఏ సంబంధమూ లేదు.

ల్యాప్‌టాప్‌లోపల ఈ మాటామంతీ ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి జీస్ట్రీమర్ మంచి ఉదాహరణ. 1999లో ఎరిక్ వాల్తిన్‌సెన్ మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ వ్యవస్థ 2012లో 1.0కి చేరింది. ఇందులో ప్రతి భాగమూ తన సామర్థ్యాల పట్టీని, వాళ్ల మాటలో ‘క్యాప్స్’ను, వెంట పెట్టుకుంటుంది. డేటా కదలకముందే పైనున్న భాగం కిందనున్నదాన్ని ‘నువ్వేం తీసుకోగలవు?’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఒక్కొక్క భాగాన్నీ దాటుకుంటూ చివరిదాకా వెళ్లి జవాబుతో వెనక్కొస్తుంది. రెండు పట్టీల్లోనూ ఉన్నవాటిని మాత్రమే మిగిల్చి, అందులోంచి ఒక్కటి ఖాయం చేసి కిందికి కబురు పంపుతారు. నిజామాబాద్ పసుపు యార్డులో అడ్తిదారు ‘కాడి, గోళ రెండూ ఉన్నాయి’ అంటే, ఖరీదుదారు ‘నాకు కాడే కావాలి’ అంటాడు. బస్తా కదిలేది ఆ తరువాతే.

ఈ పట్టీల్లో అంకెలు ఒక్కోసారి నవ్వు తెప్పిస్తాయి. పాత కూర్పుల్లో రంగు పద్ధతి మార్చే భాగాన్ని వెడల్పు ఎంత పట్టగలవని అడిగితే 1 నుంచి 214,74,83,647 దాకా అనేది. అంత వెడల్పు తెర ఎక్కడా లేదు. ‘సైజు సంగతి నాకొద్దు, మీరే తేల్చుకోండి’ అని దాని భావం. ఎవరూ తేల్చకపోతే ప్రోగ్రామరు రాసిన అలవాటు విలువే రాజ్యమేలుతుంది. జీస్ట్రీమర్‌లో పరీక్ష బొమ్మ పుట్టించే భాగం, ఎవరూ ఏమీ చెప్పకపోతే, 320 × 240తో సరిపెట్టుకుంటుంది.

ఫ్రేముల వేగాన్ని మాత్రం దశాంశంలో రాయరు, భిన్నంలో రాస్తారు: 25/1, 30000/1001. రెండోది 29.97కి అసలు రూపం. దాన్ని 30 అనేసుకుంటే గంటకు 108 ఫ్రేములు, అంటే 3.6 సెకన్లు తేడా వస్తుంది. తాళి కట్టాక మేళం మోగడానికి అది చాలా ఎక్కువ.

పట్టీలు ఎక్కడా కలవకపోతే జీస్ట్రీమర్ ‘నాట్ నెగోషియేటెడ్’ అని మైనస్ 4 సంకేతంతో ఆగిపోతుంది. తెర నల్లబడుతుంది, ఆపరేటర్‌కు చెమటలు పడతాయి. నన్నడిగితే మంచి వైఫల్యం ఇదే. మధ్యలో రంగు మార్చే భాగమో, సైజు మార్చే భాగమో పెడితే సరిపోతుంది. చిక్కంతా కలిసినట్టే కనిపించి కలవని చోట.

ధ్వని సంగతి చూడండి. సీడీ పాటలు సెకనుకు 44,100 సాంపిళ్లు, వీడియోలో వాడేది 48,000. ఆ 44,100 కూడా డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీద రికార్డు చేసిన రోజుల వారసత్వమే. మొదటిదాన్ని రెండోదనుకుని వాయిస్తే 180 సెకన్ల పాట 165 సెకన్లకే అయిపోతుంది, గొంతు దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి వెళ్తుంది. ఎక్కడా ఎర్రర్ రాదు.

రంగులోనూ ఇదే తంతు. హెచ్‌డీకి 709, పాత టీవీ సైజుకు 601 అని రెండు గుణకాల పట్టికలున్నాయి. 709తో కట్టిన మన పసుపును 601తో విప్పితే 255, 193, 7 కాస్తా సుమారు 248, 199, 15 అవుతుంది. నీలంగా మారిపోతే ఎవరైనా పట్టుకుంటారు. ఇలా ఆకుపచ్చవైపు కొద్దిగా వాలితే కెమెరామన్ లైటింగ్‌ను అనుమానిస్తాడు.

ఇంత బేరం ఎప్పుడూ ఉండేది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ‘సైట్’ ప్రయోగంలో ఉపగ్రహం నుంచి 2,400 గ్రామాలకు టీవీ ప్రసారాలు వచ్చాయి. ఆ గ్రామాలున్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒకే బొమ్మకు రెండు ధ్వని మార్గాలు పెట్టి తెలుగు, కన్నడ ఊళ్లకు కలిపి పంపారు. సెట్టూ డిష్షూ ఆ పద్ధతికే కట్టారు కాబట్టి ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. ఇప్పుడు ఏ కంపెనీ కెమెరా అయినా ఏ ల్యాప్‌టాప్‌కైనా తగిలించొచ్చు. ఆ స్వేచ్ఛకు మనం కట్టే సుంకం ఈ మాటామంతీ.

కాబట్టి లైవ్ వాళ్లతో మాట్లాడుకునేటప్పుడు రేటుతో పాటు మూడు అంకెలు అడగండి. ఫ్రేములు 25: మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక 30 పెడితే కొన్ని బల్బుల కింద చారలు కదులుతాయి, పైగా 25తో వచ్చినదాన్ని 30కి లాగితే సెకనుకు 5 ఫ్రేములు రెండేసిసార్లు పడతాయి. ధ్వని 48,000. రంగు పట్టిక 709. కెమెరాలో, ధ్వని మిక్సర్‌లో, ల్యాప్‌టాప్‌లో ఇవి ఎక్కడ కనిపించినా ఒకేలా ఉన్నాయో లేదో ముందురోజే చూడమనండి. దీనికి అదనంగా ఒక్క రూపాయి కూడా కాదు.