ఖాళీ స్థలం నిజంగా ఖాళీదేనా?

మీ ఊళ్ళో మూతపడిన మిల్లుగాని, పాత ఫ్యాక్టరీగాని ఉందా? గోడల మీద రావిమొక్కలు మొలిచి, గేటు తుప్పుపట్టి ఉంటుంది. ఊరు పెరిగేకొద్దీ అందరి చూపూ దానిమీదే పడుతుంది. "ఇంత స్థలం ఉత్తినే పడి ఉంది, ఇళ్ళు కట్టవచ్చు కదా, బడి పెట్టవచ్చు కదా" అంటారు. ఆలోచన మంచిదే. పచ్చని పొలాలను ప్లాట్లుగా కోసేకంటే, ఊరి నడుమ ఒకసారి వాడి వదిలేసిన నేలనే మళ్ళీ వాడుకుంటే పొలమూ మిగులుతుంది, కొత్త రోడ్లకూ పైపులకూ అయ్యే ఖర్చూ తగ్గుతుంది. కాని అందులో ఒక చిక్కుంది.

తగరపువలస పక్కన, గోస్తనీ నది దగ్గర చిట్టివలస జూట్ మిల్లు ఉంది. 2009 ఏప్రిల్‌లో అది మూతపడి వేలాదిమంది కార్మికులు పని కోల్పోయారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగునార, జనుము మీద బతికిన మిల్లులు ఇంకా ఉన్నాయి. ఇలాంటి మిల్లు స్థలంలో రేపు ఒక కాలనీ కట్టాలనుకుందాం. ముందుగా ఏం తెలుసుకోవాలి?

జూట్ మిల్లులో గట్టి నార మెత్తబడటానికి ఖనిజతైలాన్ని నీళ్ళతో చిలికి దానిమీద చల్లుతారు. బాయిలరుంటే బొగ్గు బూడిద ఉంటుంది. వర్క్‌షాపులో వాడేసిన ఇంజన్ ఆయిలు, పాత బ్యాటరీల సీసం ఉండవచ్చు. పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులదైతే, వాటిని పగలగొట్టినప్పుడు కంటికి కనిపించని నూగు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ మిల్లు నేలలో ఏది ఎంత ఉందో పరీక్షిస్తేనే తెలుస్తుంది. చూసి చెప్పేది కాదు.

విషం ఉన్నంత మాత్రాన ప్రమాదం రాదు. విషం ఉండాలి, అది మనిషిని చేరే దారి ఉండాలి, ఆ దారి చివర మనిషి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెగినా ప్రమాదం తప్పుతుంది. చెడ్డ మట్టిని తవ్వి తీసేస్తే మొదటిది పోతుంది. దానిమీద దళసరిగా బంకమన్ను పరిస్తే రెండోది తెగుతుంది. అక్కడ పిల్లల ఆటస్థలం బదులు లారీల స్టాండు పెడితే మూడోది తగ్గుతుంది. మట్టిలో ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకునేది చిన్నపిల్లలే కదా! నీటి దారి మాత్రం తేలిగ్గా తెగదు. వానకు ఇంకిన నీరు భూమి లోపలి నీటిలో కలిసి పక్కవీధి బావికీ, ఏటికీ చేరవచ్చు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. స్థలం 100 ఎకరాలు, అంటే సుమారు 4 లక్షల చదరపు మీటర్లు. నేలను 30 మీటర్ల చదరాలుగా గీసి, చదరానికొక చోట బోరు వేసి మట్టి తీద్దాం. దాదాపు 450 బోర్లవుతాయి. ఎంత ఖర్చో ఊహించండి. ఇంతా చేస్తే, 10 మీటర్ల చదరమున్న పాత నూనె గుంట ఒకటి ఎక్కడో పూడ్చి ఉందనుకోండి. గుంట వైశాల్యం 100 చదరపు మీటర్లు, ఒక్కో బోరుకు వచ్చే నేల 900. అంటే ఆ గుంట మన బోరుకు తగిలే అవకాశం తొమ్మిదింట ఒక వంతే!

అదే, ఆ మిల్లులో పనిచేసిన తాత ఒకాయన "నూనె షెడ్డు వెనక, చింతచెట్టు దగ్గర పారబోసేవాళ్ళం నాయనా" అని చెప్తే? ఒక్క బోరు చాలు. అందుకే నేల మార్పులో అందరినీ అడగటం మర్యాదకోసం చేసే పని కాదు, పరీక్షలో అదీ భాగమే.

అమెరికాలో నయాగరా జలపాతం దగ్గరి లవ్ కెనాల్‌లో ఇది రుజువైంది. అక్కడ ఒక పాత కాలువలో 1942 నుంచి 1953 దాకా ఒక రసాయన కంపెనీ సుమారు 21 వేల టన్నుల వ్యర్థాలు పూడ్చింది. తర్వాత ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు ఇచ్చేసింది. బడి కట్టారు, చుట్టూ ఇళ్ళు లేచాయి. 1970లలో నేలమాళిగల్లోకి రసాయనాలు ఊరసాగాయి. లోయిస్ గిబ్స్ అనే గృహిణి, ఇరుగుపొరుగువాళ్ళు ఇంటింటి జబ్బులూ అడిగి పటం మీద గుర్తులు పెట్టారు. ఎప్పుడో పూడ్చేసిన పాత వాగుల వెంట గుర్తులు గుమికూడాయి! ఆ వాగులు ఎక్కడ పారేవో చెప్పింది పాత కాపురస్తులే. అధికారులు మొదట పట్టించుకోలేదు. చివరికి 1980లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చింది.

అంత దూరం ఎందుకు, మన శ్రీకాకుళం జిల్లా సోంపేట చూడండి. అది పట్నం నేల కాదు గాని, పాఠం ఇదే. థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన భూమి కాగితాల మీద పనికిరానిది. ఊళ్ళవాళ్ళకు అది బీల: వరికి నీరిచ్చే, చేపలు దొరికే, పశువులు మేసే చిత్తడి నేల. వాళ్ళ మాట వినలేదు. 2010 జూలై 14న నిరసన తెలిపినవారిపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే వారంలో జాతీయ పర్యావరణ అప్పీళ్ళ సంస్థ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టేసింది.

అడిగితే అందరూ ఒకేమాట చెప్తారా? చెప్పరు. యజమానికి ధర పడిపోతుందని భయం. కార్మికులు ముందు మా బకాయిల సంగతి తేల్చమంటారు. పక్కవీధివారికి బావి ముఖ్యం. అందుకే పటం గీయకముందే అడగాలి. గీశాక అడిగితే అది తగాదాగానే మిగులుతుంది.

చట్టం సంగతి కొంచెం విడ్డూరం. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం విద్యుత్ కేంద్రం లాంటి వాటికి బహిరంగ విచారణ జరపాలి. 30 రోజుల ముందు పత్రికల్లో తెలపాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉంచాలి. భవనాలకూ టౌన్‌షిప్పులకూ మాత్రం ఈ విచారణ నుంచి మినహాయింపు ఇచ్చింది. పాత మిల్లు నేల మీద కాలనీ వేస్తే ఊరిని అడగవలసిన పని లేదన్నమాట! 2025 జూలైలో కలుషిత స్థలాలపై కేంద్రం నియమాలు తెచ్చాక మరో దారి తెరుచుకుంది. ప్రజల ఫిర్యాదు మీద కూడా ఒక స్థలాన్ని అనుమానిత స్థలంగా గుర్తించవచ్చు. తర్వాత దాన్ని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి.

1970లలో మిల్లు పనికి చేరినవాళ్ళు ఇప్పుడు అరవై దాటిన తాతలూ అవ్వలూను. మీ వీధిలో అలాంటివారుంటే ఒక నోటుబుక్కు పట్టుకుని వెళ్ళండి. నూనె ఎక్కడ నిలవచేసేవారు, బూడిద ఎటు పోసేవారు, వానాకాలం ఆ నీరు ఏ పక్కకు పారేది, ఏ బావి నీటికి ముందుగా వాసన వచ్చింది అని అడిగి, పక్కనే మిల్లు పటం గీసి వాళ్ళచేతనే గుర్తులు పెట్టించండి.