ఎర్రమంట: నడిసముద్రంలో ఆఖరి పిలుపు

నడిసముద్రంలో ఇంజిను ఆగి, వైర్‌లెస్ కూడా మూగబోయిన బోటుకు మిగిలే పిలుపు ఫ్లేర్. చేతిలో పట్టుకునే ఎర్రమంట నిమిషంపాటు వెలుగుతుంది. పారాచూట్ రాకెట్ సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఎగసి, 40 సెకన్లపాటు మండుతూ మెల్లగా దిగుతుంది. పగటివేళ నారింజరంగు పొగే నయం. ఎండలో మంట కంటికి అంతగా ఆనదు.

ఎక్కువ జాగ్రత్త కావలసింది చేతిమంటతోనే. వెలిగించాక దాని కొసనుంచి కరిగిన నిప్పుబొట్లు రాలుతాయి. అవి వలలమీదో డీజిల్ డబ్బామీదో పడితే, సాయం కోసం వెలిగించిందే బోటును కాల్చేస్తుంది. అందుకే సరంగు గాలి పోయే వైపు అంచున నిలబడి, చేయి బారచాపి, మంటను నీటిమీదికి వంచి పట్టుకోవాలి. ముఖం పక్కకు తిప్పుకోవాలి. ఆ వెలుగును సూటిగా చూస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. రాకెట్‌ను మనిషి వైపు గానీ, తలపైకి వచ్చిన హెలికాప్టర్ వైపు గానీ ఎన్నడూ గురిపెట్టకూడదు.

ఉన్నవన్నీ ఒక్కసారే కాల్చేయడం భయంలో జరిగే పొరపాటు. ఓడో విమానమో కనుచూపుమేరకు వచ్చాకే వెలిగించాలి. సాధారణంగా వీటి గడువు తయారైననాటినుంచి 3 ఏళ్లు. వేటకు బయల్దేరేముందు ఫ్లేర్‌మీది తేదీ చూడండి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 గుర్తుంచుకోండి.