అల్లుకుపోయిన రాధామనోహరం తీగకు మూడేళ్ల పునరుద్ధరణ కత్తిరింపులు

మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతానికి చెందిన పట్టణం. ఈ ప్రాంతంలో మే నెల పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుకోవడం అరుదు కాదు. ఇటువంటి చోట పడమటి గోడ మీదికి పాకించిన రాధామనోహరం తీగ పూలతో పాటు నీడను కూడా ఇస్తుంది. అందువలన ముదిరిన తీగను ఒకేసారి నేలమట్టానికి నరికితే, నీడ అత్యవసరమైన నెలల్లోనే గోడకు ఎండ తగులుతుంది.

తీగ స్వభావం

కాంబ్రెటమ్ ఇండికమ్ అనే శాస్త్రీయ నామం గల ఈ తీగ పూలు సాయంత్రం తెల్లగా విచ్చుకొని, క్రమేణా గులాబీ, ఎరుపు రంగులకు మారుతాయి. పూగుత్తులు ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మల మీదనే ఏర్పడతాయి. కొన్నేళ్లు కత్తిరించని తీగలో లోపలి భాగానికి వెలుతురు అందక ఆకులు రాలిపోతాయి. చిగుళ్లు, పూలు పైభాగానికే పరిమితమవుతాయి. కొమ్మ కొనలో తయారయ్యే ఆక్సిన్ కింది మొగ్గల పెరుగుదలను అణచి ఉంచడమే ఇందుకు ముఖ్య కారణం. కొనను తొలగిస్తే సుప్తావస్థలోని మొగ్గలు చిగురిస్తాయి.

అనువైన సమయం

చలి తగ్గి, చిగురు వేయడానికి ముందు, అనగా ఫిబ్రవరిలో కత్తిరించాలి. అప్పుడు వచ్చిన చిగుళ్లు తీవ్రమైన ఎండలకు ముందే ముదురుతాయి. ఏప్రిల్, మే నెలల్లో కత్తిరిస్తే లేత చిగుళ్లు మాడిపోవడమే గాక, ఇంతవరకు నీడలో ఉన్న బెరడు ఎండకు పగులుతుంది. వర్షాకాలంలో కత్తిరిస్తే పూలు నష్టపోవడంతో పాటు గాయాల ద్వారా శిలీంధ్రాలు ప్రవేశించే అవకాశం ఉంటుంది.

కత్తిరించే విధానం

మొదట ఎండిన, తెగులు సోకిన కొమ్మలను తీసివేయాలి. తరువాత ముదురు కాండాలలో మూడో వంతు మాత్రమే ఎంచుకొని, నేల నుంచి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో కోయాలి. కోసిన తీగను బలంగా లాగకుండా ముక్కలుగా కోసి తీయాలి. లేనిచో మిగిలిన కొమ్మలు చీలిపోతాయి. ఆకు రాలిన తరువాత కాడ మొదలు గట్టిపడి ముల్లుగా మారుతుంది కనుక చేతి తొడుగులు తప్పనిసరి. లావు కోతలకు బోర్డో పేస్టు పూయాలి.

మొదలు నుంచి వచ్చే పిలకలలో బలమైన నాలుగైదింటిని పందిరికి కట్టి, మిగిలినవి తొలగించాలి. రెండు, మూడు సంవత్సరాలలో మిగిలిన ముదురు కాండాలను ఇదే విధంగా తొలగిస్తే, ఏ వేసవిలోనూ గోడ నీడ పూర్తిగా కోల్పోకుండా తీగ మొత్తం కొత్తదవుతుంది. కత్తిరింపు తరువాత చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టాలి. నత్రజని అధికమైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది.

ఈ సమయం అన్ని తీగలకూ వర్తించదు. శీతాకాలంలో నారింజ రంగు పూలనిచ్చే పైరోస్టీజియాను పూత ముగిసిన వెంటనే కత్తిరించాలి. అంతకు ముందే కత్తిరిస్తే ఆ ఏటి పూత పోతుంది. కావున విస్తరణ సిబ్బంది కత్తిరింపు నెలను సూచించే ముందు ఆ తీగ ఎప్పుడు, ఏ కొమ్మల మీద పూస్తుందో నిర్ధారించుకోవాలి.