పాత ఆటోమేటిక్ కారు కొంటున్నారా? గేర్‌బాక్స్ సంగతి ఫోన్‌లో ఇలా చూడండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు చూస్తున్నారా? ఇంజిన్ సౌండ్ బాగుందని అడ్వాన్స్ ఇచ్చేయకండి. గేర్‌బాక్స్ పోతే ఆ బిల్లు మామూలుగా ఉండదు. కొనే ముందే అనుమానం తీర్చుకోవడానికి మీ ఫోన్, ఓ చిన్న అడాప్టర్ చాలు.

ఏం కావాలి?

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి బీఎస్4 కార్లకు ఓబీడీ2 తప్పనిసరి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి ఈఎల్ఎం327 అడాప్టర్ పెట్టి, టార్క్ లేదా కార్ స్కానర్ యాప్‌తో కనెక్ట్ చేయండి. ఐఫోన్ వాళ్లు మాత్రం వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ అడాప్టరే తీసుకోవాలి.

ముందు ఏ గేర్‌బాక్సో తెలుసుకోండి

2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేర్ మార్చడం యాక్చుయేటర్ చూసుకుంటుంది. గేర్ మారేటప్పుడు చిన్న కుదుపు దీని సహజ లక్షణం, ఫాల్ట్ కాదు. టార్క్ కన్వర్టర్ కారు అలా కుదిపితే మాత్రం అనుమానించాలి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే ఆ కారు వదిలేయడమే మంచిది.

కోడ్ ఏం చెబుతుంది?

పీ0700 వస్తే "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో ఫాల్ట్ ఉంది" అని మాత్రమే అర్థం. అసలు కారణం ఆ కంప్యూటర్‌లోనే చదవాలి, అందుకు కొన్నిసార్లు వర్క్‌షాప్ స్కానర్ అవసరం. పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్‌ది, పీ0730 గేర్ రేషియో తేడాది, పీ0218 గేర్‌బాక్స్ వేడెక్కినప్పటిది. కోడ్ అంటే తీర్పు కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు. వీక్ బ్యాటరీ, చెడిన బ్రేక్ స్విచ్ కూడా గేర్ పడకుండా చేస్తాయి. అందుకే ముందు వోల్టేజ్ చూడండి: ఇంజిన్ ఆన్‌లో సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి.

కోడ్‌లు ఏమీ లేవా? ఆగండి

అమ్మేవాళ్లు మీరు వచ్చే ముందే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు చూడండి. చాలావాటికి "ఇన్‌కంప్లీట్" అని ఉంటే ఈమధ్యే కోడ్‌లు చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూపించమనండి.

చివరగా రోడ్ టెస్ట్

కారు బాగా వేడెక్కాక జమ్మలమడుగు నుంచి గండికోట వైపు ఎత్తు ఎక్కించండి. ఏఎంటీ అయితే మాన్యువల్ మోడ్‌లో మూడో గేర్‌లో ఉంచండి. ఆర్‌పీఎం ఎగిరిపోతున్నా స్పీడ్ పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. ఫోన్ మాత్రం పక్క సీట్లో ఉన్నవాళ్ల చేతిలోనే ఉండాలి.

ఈ రీడింగ్‌ల స్క్రీన్‌షాట్లు తీసుకుని మెకానిక్‌కి చూపించండి. ఆ తర్వాతే బేరం మాట్లాడండి.