గురి సంగతి తర్వాత!

పిట్ట కన్ను తప్ప మరేమీ కనిపించడం లేదన్న అర్జునుడి కథ వింటూ పెరిగాం మనం. విలువిద్య అంటే గురి చూసి కొట్టడమే అనుకుంటాం. జపాన్‌లో మాత్రం ముందు గురి సంగతి మరిచిపొమ్మంటారు!

అక్కడి సంప్రదాయ విలువిద్య పేరు క్యూడో. కొత్తగా చేరినవాళ్లకు మొదట్లో బాణం అందని ద్రాక్షే. ఎలా నిలబడాలి, ఎలా నడవాలి, ఎలా కూర్చోవాలి... ఇవే పాఠాలు. ఆ తర్వాత చేతికొచ్చేదీ అసలు విల్లు కాదు, రబ్బరు కట్టిన చిన్న కర్ర. పాదాలు ఎడంగా పెట్టి నిలబడటం నుంచి బాణం వదిలాక కాసేపు కదలకుండా ఉండటం దాకా మొత్తం ఎనిమిది అంచెలు. వాటిని దాంతోనే ఒంటికి పట్టించుకోవాలి.

అసలు విల్లు పొడవు రెండు మీటర్ల పైమాటే. పట్టుకునేది మధ్యలో కాదు, కింది నుంచి మూడోవంతు దగ్గర. కుడిచేతికి జింకతోలు తొడుగు వేసుకుని, విల్లును తలపైకి ఎత్తి, రెండు చేతులూ విడదీస్తూ కిందికి దించాలి. ఏమాత్రం తేడా వచ్చినా నారి ముంజేతిమీదో చెంపమీదో చెళ్లుమంటుంది!

తొలి బాణాలు వేసేది గడ్డిమోపు మీదకి. అదీ ఓ విల్లంత దూరం నుంచి. అంత దగ్గర్నుంచి గురి తప్పమన్నా తప్పదు. తగిలిందా లేదా అన్న బెంగ లేకపోతే భుజం ఎక్కడ బిగుసుకుంటోందో, ఊపిరి ఎక్కడ ఆగుతోందో తెలిసొస్తుంది. 28 మీటర్ల దూరంలో ఉండే 36 సెంటీమీటర్ల లక్ష్యం ముందు నిలబడటానికి చాలామందికి నెలలు పడుతుంది.

ఆ ఓపిక లేకే గురువును పోగొట్టుకోబోయాడో శిష్యుడు. ఆయన జర్మన్ తత్వవేత్త ఆయిగెన్ హెరిగెల్. 1924లో సెందాయ్‌లోని విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వెళ్లి, అవా కెంజో అనే గురువు దగ్గర చేరాడు. తుపాకీ పేల్చిన అనుభవం ఉంది కదా, తేలిగ్గా వచ్చేస్తుందనుకున్నాడు. రాలేదు. బాణం వదిలిన ప్రతిసారీ ఒళ్లు అదిరేది. మనం వదలకూడదు, దానంతటదే జారాలి అంటారు గురువు. ఎలా?

వేసవి సెలవుల్లో హెరిగెల్ ఓ ఉపాయం కనిపెట్టాడు. బొటనవేలిని అదిమిపట్టిన వేళ్లను మెల్లమెల్లగా సడలిస్తే చాలు, బాణం మెత్తగా జారిపోతోంది. సెలవులయ్యాక ఉత్సాహంగా వేసి చూపించాడు. మరోసారి వేయమన్నారు గురువు. వేశాడు. ఆయన మారుమాట్లాడకుండా విల్లు లాక్కుని, వీపు తిప్పి కూర్చున్నారు. తనను మోసం చేయబోయాడనీ ఇక నేర్పననీ మర్నాడు కబురొచ్చింది. మిత్రుడితో చెప్పించుకుని, ఇంకెప్పుడూ అలా చేయనని మాటిచ్చాకే మళ్లీ రానిచ్చారు.

చాలాకాలం తర్వాత ఓరోజు హెరిగెల్ బాణం వేయగానే గురువు వంగి నమస్కరించారు. సరిగ్గా వదలడం అప్పటికి వచ్చిందన్నమాట. ఈ అనుభవాలన్నీ 1948లో హెరిగెలే పుస్తకంగా తెచ్చాడు.

ఇంతకీ గురువు చేత నమస్కారం పెట్టించిన ఆ బాణం దేనికి తగిలిందంటారా? గడ్డిమోపుకే!