వెయ్యి కళేబరాల్లో ఎనిమిది

వెయ్యి పశువుల కళేబరాల్లో ఎనిమిదింటిలో పశువులకిచ్చే నొప్పుల మందు డైక్లోఫెనాక్ మిగిలి ఉంటే చాలు, రాబందుల జాతి కుప్పకూలుతుందని శాస్త్రవేత్తలు 2004లో లెక్కగట్టారు. ఆ తర్వాత మన దేశంలో కళేబరాల కాలేయాలు తీసి పరీక్షిస్తే దాదాపు వందకు పదింటిలో ఆ మందు బయటపడింది. అంటే జాతి కూలడానికి సరిపడేదానికి పది రెట్లకు పైమాటే.

ఫలితం తెలిసిందే. 1992–2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గాయి. వెయ్యికి ఒక్కటి మిగిలిందన్నమాట. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు దాదాపు 97 శాతం పోయాయి. పేటెంటు గడువు తీరి, చవక రకాలు దిగాక, 1990ల మధ్య నుంచి పాడి రైతులకు ఈ నొప్పుల మందు అందుబాటులోకి వచ్చింది. కుంటుతున్న ఆవు మర్నాటికి లేచి నిలబడితే రైతు ఎందుకు వద్దంటాడు? తప్పు అతనిది కాదు.

కారణం దొరకడానికి ఏళ్లు పట్టింది. మొదట వైరస్‌ను అనుమానించారు, పురుగుమందులను అనుమానించారు. పాకిస్తాన్‌లో అమెరికా పశువైద్యుడు లిండ్సే ఓక్స్ బృందం 259 చచ్చిన రాబందులను కోసి చూస్తే 85 శాతం పక్షుల్లో మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాలపై యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు పేరుకుని ఉంది. అప్పుడు ఆ బృందం పశువైద్యులనూ, మందుల దుకాణాలవాళ్లనూ ఒక మామూలు ప్రశ్న అడిగింది: మూత్రపిండాలను దెబ్బతీయగల మందుల్లో పశువులకు మీరు ఏం వాడుతున్నారు? నా దృష్టిలో మొత్తం కథలో అసలు మలుపు అదే. తర్వాతి పరీక్షలో ఆ జబ్బున్న 25 పక్షుల్లోనూ డైక్లోఫెనాక్ ఉంది, జబ్బు లేని 13లో ఒక్కదానిలోనూ లేదు.

ఇక మనుషుల లెక్క. ఆవు కళేబరాన్ని రాబందుల గుంపు 40 నిమిషాల్లో ఎముకలు మిగిల్చి తినేస్తుంది. అవి లేకపోయేసరికి కళేబరాలు ఊరి బయట కుళ్లాయి, కొన్ని నీళ్లపాలయ్యాయి, వీధికుక్కలు, వాటితో రేబిస్ ముప్పు పెరిగాయి. ఆర్థికవేత్తలు ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ ఒకప్పుడు రాబందులు బాగా ఉన్న జిల్లాలనూ, మొదటి నుంచీ అంతగా లేని జిల్లాలనూ పోల్చి చూశారు. మొదటి రకం జిల్లాల్లో మరణాల రేటు 4 శాతానికి పైగా పెరిగింది. 2000–2005 మధ్య అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 5 లక్షలు, ఏటా నష్టం 6,940 కోట్ల డాలర్లు అని 2024లో ప్రచురించారు. ఇది శవాలు లెక్కపెట్టి రాసిన సంఖ్య కాదు, పోలిక మీద వేసిన అంచనా. సగానికి సగం తగ్గించి చదువుకున్నా చిన్నది కాదు.

ఇదంతా ముందే ఎవరికీ ఎందుకు పట్టలేదు? పశువు ఒక శాఖది, రాబందు అడవులూ పర్యావరణం చూసే శాఖది, మందు అనుమతి ఆరోగ్య శాఖ కింది డ్రగ్ కంట్రోలర్‌ది. ఆవుకు నొప్పి తగ్గిందా అని చూసే ఫైల్లో రాబందు ఉండదు. రాబందుల ఫైల్లో రేబిస్ ఉండదు. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. కానీ మనుషుల కోసమంటూ 30 మిల్లీలీటర్ల సీసాలు దొరుకుతూనే ఉన్నాయి. మనిషికి ఒక డోసు 3 మిల్లీలీటర్లే. ఆ పెద్ద సీసా ఎవరి కోసమో చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించింది 2015లో, తొమ్మిదేళ్ల తర్వాత.

రాబందులకు ఇలాగే విషమైన మరో రెండు నొప్పుల మందులు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు వాడకుండా 2023లో ఆపారు. ఎసిక్లోఫెనాక్ ఆవు ఒంట్లోకి వెళ్లి డైక్లోఫెనాక్‌గానే మారుతుంది కనుక, పేరు మారిందే తప్ప విషం మారలేదు. నిమెసులైడ్ వంతు 2024 డిసెంబరు ఆఖరున వచ్చింది. నాలుగు మందులకు పద్దెనిమిదేళ్లు. ప్రతిసారీ పక్షులు చచ్చాకే పరీక్ష, పరీక్ష తర్వాతే వాదన, వాదన తర్వాతే ఉత్తర్వు. కొత్త నొప్పుల మందును అమ్మకానికి అనుమతించే ముందే రాబందులకు సురక్షితమో కాదో తేల్చాలని పరిరక్షకులు అడుగుతున్నది ఇందుకే.

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు దగ్గరి పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టినట్టు 2013లో గుర్తించారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పశువుకు నొప్పొస్తే వాడదగ్గ మందులు లేకపోలేదు. మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్ రాబందులకు హాని చేయవని పరీక్షల్లో తేలింది.